గ్యాసు ప్లాంటులో ఆవకాయ

రాజమండ్రిలో మా కాలనీ దీపాలు ఆర్పింది నా పాత ఆవకాయేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా పార్కులో వంటింటి చెత్తతో గ్యాసు తయారుచేసి, దాంతో మా వీధిదీపాలకు కరెంటు పుట్టించే చిన్న ప్లాంటు పెట్టారు. ఇల్లిల్లూ తిరిగి, పోట్లాడి మరీ తడిచెత్త వేరు చేయించింది నేనే. ఎండాకాలం రాగానే, కొత్త ఆవకాయకు జాడీలు కావాలని ఎవరో పాతదంతా ఆ చెత్తలో పారబోశారు. ఉప్పుకీ పులుపుకీ గ్యాసు పుట్టడం మానేసింది. దీపాలు ఆరిపోయాయి.

మున్సిపల్ ఇంజనీరు వచ్చి, "ఇలాగైతే ప్లాంటు ఎత్తేస్తామండీ" అన్నారు.

"అందరికీ నీతులు చెప్పి, తనే జాడీ బోర్లించిందండీ" అన్నారు ఎదురింటి కామేశ్వరిగారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

చెత్త కలిపే తొట్టి అడుగు తోడించాను. ఎర్రటి ముక్కలతోపాటు వెల్లుల్లి రెబ్బలు పైకొచ్చాయి.

"మా ఆవకాయలో వెల్లుల్లి వెయ్యమండీ. కావాలంటే జాడీ తెస్తాను, వాసన చూడండి కామేశ్వరిగారూ!" అన్నాను.

ఇంజనీరు నవ్వేసి, ప్లాంటులో పేడనీళ్లు పోయించారు. కొన్నాళ్లకు దీపాలు వెలిగాయి. ఆ వెలుగులోనే కామేశ్వరిగారూ నేనూ కూర్చుని కబుర్లాడుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ తృప్తిగా ఉంటుంది.

కానీ, వెల్లుల్లి మా గడపే తొక్కదని ప్రతి ఇల్లూ ఒట్టేసే కాలనీలో, ఆ జాడీ ఎవరిదండీ?