నడుములో దోపుకున్న ప్లగ్గు

మొన్న మా కాలనీలో గడ్డి కోసే మిషను ఆగిపోయింది. సెక్రటరీగారు దాన్ని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేయమన్నారు. ఇవ్వనన్నాను. నీకేం హక్కుందని అడిగారు. అయినా మిషను మా వరండాలోనే ఉంది. ఇంజనుకు నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఊడదీసి చేతిలోకి తీసుకోగానే, మాడిన పెట్రోలు వాసనలో నాకు మా కొండల్లో పండే వలిసె గింజల నూనె వాసన కూడా తగిలింది. విశాఖపట్నంలో ఇంకెవరికీ తగలని ఆ వాసనకు కారణం మా మేనత్త.

మాది గూడెం కొత్తవీధికి పైన కొండవాలు మీద ఊరు. ఎనభైల మొదట్లో గవర్నమెంటువాళ్లు కాఫీ మొక్కలతో పాటు ఊరందరికీ కలిపి ఒక గడ్డి మిషను ఇచ్చారు. భుజాన తగిలించుకుని తాడు లాగితే ఇంజను కూత పెట్టేది, కొసన నైలాను తాడు గిర్రున తిరిగి గడ్డిని నరికేది. దాన్ని తిప్పడానికి మగవాళ్లందరూ ముందుకొచ్చేవారు. ప్లగ్గు తుడవడం, గాలి జల్లెడ దులపడం, పెట్రోల్లో ఇంజనాయిలు కొలిచి కలపడం మాత్రం అత్త మీద పడ్డాయి. పడ్డాయనడం తప్పు, తనే లాక్కుంది. మిషను తెచ్చిన ఫిట్టరు ఒకసారి విప్పి చూపిస్తుంటే ఎదురుగా గొంతుక్కూచుని చూసింది. ఆ తర్వాత ఇంకొకరు దాని మీద చెయ్యి వేస్తే ఊరుకునేది కాదు. మావయ్యనైనా ఇంతగా కనిపెట్టుకు చూడలేదని మా అమ్మ అంటుండేది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వలిసెలు ఆడించి కొత్త నూనె తెచ్చిన రోజు ముందు కత్తికీ, గొడ్డలికీ, పారకీ రాసి దణ్ణం పెట్టాకే మేం కూరలో వేసుకోవాలి. కత్తికైతే అంచున రాస్తారు. మరి మిషనుకు? అత్త కాసేపు ఆలోచించి, ఇది తాగి పనిచేసే పనిముట్టు కదా అని పెట్రోలు టాంకీలో గిద్దెడు పోసింది. ఆ రోజు తోటంతా పకోడీల వాసన. జనం పొగకు దగ్గుతూనే నవ్వారు. మర్నాడు ఇంజను బిగుసుకుపోయింది, తాడు లాగితే రాలేదు. దాంతో నవ్వులు ఆగిపోయాయి. పోడు కాల్చే రోజులు దగ్గర పడ్డాయి. తోట చుట్టూ గడ్డి కోసి నేల తేల్చకపోతే నిప్పు నేరుగా కాఫీ మొక్కల మీదికి వస్తుంది. చేత్తో కోసేంత వ్యవధి లేదు. ఏళ్లతరబడి పెంచిన మొక్కలు అప్పుడప్పుడే కాపుకొస్తున్నాయి.

కబురు కిందికి చేరి ఆఫీసరు జీపులో వచ్చేసరికి, అత్త వాకిట్లో చాప మీద ఇంజను ముక్కలు పరుచుకుని కిరసనాయిల్లో కడుగుతోంది. జిగురు పట్టిన రింగును, పొగగొట్టంలో మసిని వెదురు పుల్లతో గీకుతోంది. ఇనుముతో గీకితే గీతలు పడతాయట. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి.

"మీకు దీన్ని వాడటం రాదమ్మా. కింద ఊరికి ఇచ్చేస్తాం" అని డ్రైవరు చేత గోనెసంచి తెప్పించాడు.

"నూనె పోసింది నేను. తీసీదీ నేనే" అంది అత్త. ప్లగ్గును కొంగున ముడేసి నడుములో దోపుకుంది. "ఒట్టుకెల్లండి బాబూ. ఇది మాత్తరం ఇవ్వను. ఇది లేకుండా అది కూత కుయ్యదు. రేపు మా తోట కాలిపోతే మీరేటి సేత్తారు? జీపులో కూకుని సూత్తారా?"

ఆఫీసరుతో మా ఊళ్లో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. మా నాన్న ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఆయన జీపెక్కలేదు. అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగి, చూస్తూ ఉండిపోయాడు. అత్త ముక్కలన్నీ బిగించి, చివరికి నడుములోంచి ప్లగ్గు తీసి పెట్టి తాడు లాగింది. రాలేదు. మళ్లీ మళ్లీ లాగింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది.

"కాలెట్టండి బాబూ, కదిలిపోతంది."

ఆయన బూటుకాలితో మిషనును అదిమిపట్టాడు. ఈసారి అది తెల్లటి పొగ కక్కి, దగ్గి, కూత అందుకుంది. గోనెసంచి ఖాళీగానే జీపెక్కింది. ఆ వేసవిలో మంట మా తోట అంచుదాకా వచ్చి ఆగింది.

మరుసటేడు కొత్త నూనె వచ్చినప్పుడు మిషను జోలికి పోవద్దని నాన్న బతిమాలాడు. "తాగించను. రాత్తాను. నా పనిముట్టుకి నేను రాసుకోనా?" అని అత్త దాని పిడికి నిండా నూనె పట్టించింది.

అత్త పోయింది. ఆ మిషనూ పోయింది. ఈ సాయంత్రం ఇనుము కొనేవాణ్ణి పంపుతానని సెక్రటరీగారు అన్నారు. పంపనీ. ప్లగ్గు నా కొంగున ఉంది. కాలం ఎవరి వాకిట్లోకైనా గోనెసంచితోనే వస్తుంది. అడిగిందల్లా దాని సంచిలో వేయాలని మాత్రం మా అత్త నాకు నేర్పలేదు.