చదవకుండా పారేసిన రాత్రులు

మైమూనా సాలీ ముప్పై ఒక్క ఏళ్లు నక్షత్రాల డేటా దగ్గర ఉద్యోగం చేసింది. ఇన్నేళ్లలో దూరదర్శినికి కన్ను ఆనించి చూసింది ఒక్కసారీ లేదు. ఎవరైనా ఆశ్చర్యపోతే, "ఆకాశంతో నాకేం పని? దాని గురించి ఎవరేం రాశారో, అదే నా పని," అనేది.

కేప్‌టౌన్‌లో అథ్లోన్ పేటలో పుట్టింది. టైపు పరీక్ష పాసై 1983లో ఖగోళ సంస్థలో గుమస్తాగా చేరింది. సంస్థ ఆఫీసు ఊళ్లోనే గానీ దూరదర్శిని ఉన్నది అయిదు గంటల దూరాన, కారూ పీఠభూమి మీద. అక్కడ పద్దెనిమిదేళ్లు ఒక సర్వే నడిచింది. వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను పట్టి కొలవడం దాని పని. ఒక రాత్రి కొలతలన్నీ ఒక టేపు మీదికి ఎక్కేవి. తెల్లవారాక రాత్రి సహాయకుడు టేపు పెట్టె మీద తేదీ వేసి, పక్కన ఒక అక్షరం రాసేవాడు. ఏ అంటే మంచి రాత్రి. బి అంటే ఫరవాలేదు. సి అంటే మబ్బు.

సర్వే 1997లో ముగిసింది. మూడు వేల తొమ్మిది వందల టేపులు మిగిలాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎక్కడివాళ్లయినా అడిగి తీసుకునేలా ఆర్కైవ్ కట్టే పని మైమూనా మీద పడింది. అప్పటికి ఆఫీసులో ఏ కాగితం ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

పాత టేపుల పైపూత జిగురు జిగురుగా లేచిపోతోంది. ఎనిమిది గంటలు సన్నని సెగలో ఉంచితే పూత గట్టిపడి, ఒక్కసారికి చదవనిస్తుంది. రెండోసారి ఆశ లేదు. చదివే యంత్రం కూడా ఒక్కటే మిగిలింది. దాని విడిభాగాలు ఎక్కడా దొరకడం లేదు. బాగుచేసే మెకానిక్ చూసి, మూడు వేల రెండు వందల టేపులకు మించి ఇది లాగదని చెప్పాడు. ఏడు వందల టేపులు వదిలెయ్యాలి. ఏవి?

మైమూనా ఒక మధ్యాహ్నం కూర్చుని పెట్టెల మీది అక్షరాలన్నీ లెక్కపెట్టింది. సి రాసినవి సరిగ్గా ఏడు వందలు తేలాయి. కొలిచి కత్తిరించినట్టు కుదిరిందని సంబరపడింది. 'సి టేపులు చదవనక్కర్లేదు' అని ఒక్క వాక్యం రాసి పైకి పంపింది. సాయంత్రానికి సంతకం పడింది. ఏడాది చివర టేపులున్న గది ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడు, సి టేపులు చెత్త లారీ ఎక్కాయి.

ఆ టేపుల్ని పీఠభూమి మీద నుంచి తెచ్చింది కూడా ఆమే. 1998 జనవరి, రంజాన్ నెల. ఎండ నెత్తి మాడుస్తోంది, నోట్లో తడి లేదు, ఇఫ్తార్ వేళకి ఇల్లు చేరాలి. పెట్టెల్ని దుప్పట్లలో చుట్టి వ్యాన్‌లో సర్దింది దావీ క్లాస్తె. అక్కడ అందరికంటే పాత రాత్రి సహాయకుడు. గొర్రెల కాపరి కొడుకు. చుట్టుపక్కలవాళ్లు పెద్దరికమిచ్చి ఊమ్ దావీ అని పిలుస్తారు.

"మెల్లగా పోనివ్వమ్మా. గతుకుల్లో ఎగరేస్తే నక్షత్రాలు రాలిపోతాయి," అన్నాడు ఆఖరి దుప్పటి బిగిస్తూ.

"రాలితే ఏరుకుని మీకే పంపిస్తాలెండి, ఊమ్."

ఆయన నవ్వి, వ్యాన్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "చూడు తల్లీ, నేను మార్కులు కొంచెం గట్టిగా వేస్తా. అక్కడివాళ్లకి ఆ మాట చెప్పు."

ముసలాయన తన గొప్ప చెప్పుకుంటున్నాడనుకుంది మైమూనా. సరే సరే అని తాళం తిప్పింది. మొదటి మలుపు దాటేసరికి ఆ మాట మరిచిపోయింది.

మళ్లీ అది గుర్తొచ్చింది ఏడేళ్ల తర్వాత. ఆర్కైవ్‌ను అందరికీ తెరిచే రోజు ఖాయమైంది. అంతవరకూ ప్రతి రాత్రి పక్కనా శాస్త్రవేత్త పేరు మాత్రమే ఉండేది. మేలుకుని కొలిచిన సహాయకుల పేర్లు కూడా ఎక్కించాలని మైమూనా పట్టుపట్టి సాధించింది. సహాయకులు రోజూ రాసిన రాత్రి పుస్తకాలు పీఠభూమి మీద నుంచి తెప్పించి టైపు చెయ్యడం మొదలుపెట్టింది. బతికున్న సహాయకులకి ఆహ్వానాలు పంపింది. దావీ క్లాస్తె ఫోన్ చేశాడు.

"వస్తా తల్లీ, కోటు ఇస్త్రీకి కూడా ఇచ్చా. నాకు ఒక్కటే చూపించు. ఎనభై ఆరు, జూన్ పదిహేడు."

"ఏముంది ఊమ్ ఆ రాత్రి?"

"ఒక నక్షత్రం నా కళ్ల ముందే రెట్టింపు వెలిగింది. నలభై నిమిషాలు. అంకెలు పైకి పాకుతుంటే చూస్తూ కూర్చున్నా. శాస్త్రవేత్త దొరగారు పక్క గదిలో పడుకున్నారు. లేపితే, అప్పటికే నేను పుస్తకంలో రాసిన సి చూసి, సి రాత్రికి నన్ను లేపుతావా అని తిట్టి మళ్లీ పడుకున్నారు. ఆ అంకెల్ని గీతగా గీస్తే కాగితం మీద ఎలా ఉంటుందో చూడాలి. అంతే."

మైమూనా ఫోన్ పెట్టేసి వెతికింది. జూన్ పదహారు ఉంది. పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు.

రాత్రి పుస్తకం తీసింది. దావీది ముచ్చటైన చిన్న చేతిరాత. 'సి. 5.10 నుంచి 5.14 దాకా పడమట పల్చని మబ్బు. నక్షత్రం మీదికి రాలేదు.' వెనక పేజీలు తిప్పింది. సహాయకులు మారే రోజున రాత్రిని చెరి సగం పంచుకునేవారు. అలాంటి ఒకరోజు మొదటి సగానికి యాప్ లటేగన్ అనే అతను 'ఏ. బాగుంది' అని రాశాడు. అదే ఆకాశానికి, అరగంట తర్వాత, దావీ రాసింది 'సి. అంచున మబ్బు జాడ, రెండు నిమిషాలు'.

ఆ వారమంతా లెక్క కట్టింది. దావీ కొలిచిన రాత్రులు వెయ్యిన్నూట ఎనిమిది. అందులో ఆయనే సి వేసినవి ఆరు వందల నలభై ఒకటి. మిగతా ముగ్గురూ కలిసి పద్దెనిమిదేళ్లలో యాభై తొమ్మిది. ఆర్కైవ్ సగం యాప్ లటేగన్ రాత్రులతో నిండి ఉంది. పెట్టెల మీద పేర్లు లేవు. పేర్లున్న పుస్తకాలు ఆమె అడగలేదు. అడిగితే రెండు రోజుల్లో వచ్చేవి.

సంస్థ అధిపతి డాక్టర్ హానెకోమ్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆవిడ అంతా విని కళ్లద్దాలు తీసింది.

"పోయినవి పోయాయి మైమూనా. ఆ పెద్దాయనకి ఇంకో నక్షత్రం గీత చూపించు. పైకి పోయి కిందికొచ్చే గీతలు మన దగ్గర వందలున్నాయి. సంతోషంగా టీ తాగి వెళ్తాడు."

"ఆయన కనిపెడతాడు."

"డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఏం కనిపెడతాడు?"

మైమూనా బల్ల దగ్గరికొచ్చి అలాంటి గీతే ఒకటి వెతికింది. దొరికింది. ముప్పై ఎనిమిది నిమిషాలు. దాన్ని అచ్చుతీసి సొరుగులో పెట్టింది. ఆ పని ఎందుకు చేశావని తర్వాత చెల్లెలు అడిగితే, "చెయ్యి దానంతటదే చేసింది," అనలేదు. "చూపిద్దామనే తీశా," అంది.

తెరిచే రోజు దావీ పొద్దున్నే బస్సు దిగాడు. ఇస్త్రీ కోటు, నున్నగా దువ్విన తల, చేతిలో కూతురు చేసిన ఎండు పండ్ల జాడీ. సభకి ఇంకా గంట ఉంది. మైమూనా ఆయన్ని తన గదికి తీసుకెళ్లి, పాలు కలిపిన టీ ఇచ్చింది. ఆయన కప్పు ముట్టకుండా కంప్యూటర్ వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"ఏదీ, చూపించు."

ఆమె సొరుగు మీద చెయ్యి వేసింది. తీసేసింది.

"లేదు ఊమ్."

"యంత్రం పనిచెయ్యట్లేదా?"

"పనిచేస్తోంది. ఆ టేపు లేదు. సి అని ఉన్నవన్నీ చదవకుండా పారేశాం. ఆ రూలు రాసింది నేనే."

దావీ తెరవైపు చూశాడు. "నేనే చుట్టా దాన్ని, గళ్ల దుప్పట్లో," అన్నాడు. తర్వాత, "ఎన్ని?"

"ఆరు వందల నలభై ఒకటి."

"యాప్‌వి?"

"తొమ్మిది పోయాయి. మిగతావన్నీ ఉన్నాయి."

దావీ ఫక్కున నవ్వాడు. "రెండు కొట్టేసరికి గురకపెట్టేవాడమ్మా యాప్! వర్షం డోమ్ మీద దరువేస్తే గానీ లేచేవాడు కాదు. వాడు పోయి అయిదేళ్లయింది. ఉంటే నన్ను చంపేసేవాడు నవ్వి నవ్వి."



"అంత గట్టిగా ఎందుకు వేశారు ఊమ్?" అంది మైమూనా. ఏడేళ్ల కిందట వ్యాన్ దగ్గర అడగాల్సిన మాట అది.

"చేరిన మొదటి నెలలో ఒక ఏ వేశా. నాలుగు నిమిషాల మబ్బు నేను చూడలేదు. దొర అందరి ముందూ పుస్తకం నేలకేసి కొట్టాడు. నీ జాతివాడి రాత నమ్మితే ఇంతే అన్నాడు. మళ్లీ ఆ మాట ఎవరి నోటా రాకూడదనుకున్నా. రాలేదు కూడా." టీ ఒక గుక్క తాగి కప్పు పెట్టేశాడు. "నేను ఏ వేసుంటే ఉండేదన్నమాట."

"ఉండేది."

"నీకు చెప్పాగా తల్లీ. ఆ రోజు, వ్యాన్ దగ్గర."

"చెప్పారు."

ఆయన కోపగించుకుని ఉంటే బాగుండేదని మైమూనా చాలా ఏళ్లు అనుకుంది. దావీ జేబు రుమాలుతో కళ్లద్దాలు తుడుచుకుని, సభ ఏ గదిలో అని అడిగాడు. వెనక వరసలో కూర్చున్నాడు. డాక్టర్ హానెకోమ్ సహాయకుల్ని పేరుపేరునా పిలిచినప్పుడు లేచి తలవంచాడు, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. రెండు సమోసాలు తిన్నాడు. వెళ్లేటప్పుడు మైమూనా గుమ్మం దగ్గర ఆపింది.

"పోయిన రాత్రులన్నీ జాబితాలో ఎక్కిస్తాను ఊమ్. తేదీ, మీ పేరు. డేటా ఉండదు, వరస ఉంటుంది. అక్షరం దగ్గర ఏమని వెయ్యమంటారు?"

"సి. మబ్బు వచ్చిందిగా," అన్నాడాయన, ఆమె అడిగిన ప్రశ్నే వింతగా ఉన్నట్టు.

ఏడు వందల వరసలు చేర్చడానికి మైమూనాకి నాలుగు నెలలు పట్టింది. ప్రతి వరసలో కారణం అనే గడిలో 'చదవకుండా పారేశాం. నిర్ణయం: మై. సాలీ' అని రాసింది. పేరు తీసెయ్యమని డాక్టర్ హానెకోమ్ రెండుసార్లు చెప్పింది. సంస్థ పరువు మాట ఎత్తింది. మైమూనా తియ్యలేదు. సొరుగులోని గీతని మాత్రం చింపేసింది. దావీ ఆ వరసలు చూశాడో లేదో ఆమెకి తెలియదు. ఆయన ఊళ్లో ఇంటర్నెట్ వచ్చేసరికి ఆయన లేడు.

2011లో పోలండ్ నుంచి ఒక శాస్త్రవేత్త ఉత్తరం రాశాడు. దావీ చెప్పిన నక్షత్రమే. అది ఇరవై అయిదేళ్లకోసారి భగ్గుమంటుందని అతని అనుమానం. ఇప్పుడు మళ్లీ వెలిగింది. 1986 జూన్ పదిహేడు వరస కనిపిస్తోంది గానీ ఫైలు తెరుచుకోవడం లేదు, తన కంప్యూటర్‌లో ఏమైనా లోపమా అని అడిగాడు. వరస చివరన ఉన్న కారణం గడి అతను చూసినట్టు లేదు.

మైమూనా దావీ రాత పేజీని స్కాన్ చేసి, ఫోన్‌లో ఆయన చెప్పిన నలభై నిమిషాల సంగతి కింద టైపు చేసి పంపింది. కొలతలు లేని మాట తన వ్యాసంలో వాడుకోలేనని అతను మర్యాదగా జవాబిచ్చాడు.

రిటైరయ్యే దాకా అలాంటి ఉత్తరాలు ఏడాదికి ఒకటో రెండో వస్తూనే ఉన్నాయి. జవాబు రాసే పని ఆమె ఎవరికీ అప్పగించలేదు. ప్రతిసారీ మొదటి వాక్యం ఒకటే. లోపం మీ కంప్యూటర్‌లో లేదు.