పసుపు పొట్లం, నీలం పొట్లం

మా పాప గోడ నాకేది. ఇంకా నడక కూడా రాలేదు, పాక్కుంటూ వెళ్లి వంటింటి గోడ దగ్గర కూర్చుని, సున్నం పెచ్చులు గిల్లి ఎంతో ఇష్టంగా నోట్లో వేసుకునేది. నేను మెత్తగా మెదిపి, నెయ్యి వేసి, పాటలు పాడుతూ పెట్టిన అన్నాన్ని మాత్రం తుపుక్కున ఊసేది. ఇంటి ఓనరు వచ్చినప్పుడల్లా ఆ గోడను చూసి, "మీ గుంట నా ఇల్లు తినేత్తంది మేస్టారూ" అనేవాడు. మా ఆయన నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. ఫోనులో వెతికితే, గోడ నాకే పిల్లలకు ఒంట్లో ఇనుము తక్కువై ఉండొచ్చని ఉంది. ఇంకాస్త కిందికి చదివితే రక్తానికి సంబంధించిన పెద్ద పెద్ద జబ్బుల పేర్లున్నాయి. నేను ఎప్పుడూ ఇంకాస్త కిందికే చదువుతాను.

మా ఆయన పెదబయలు అవతల ఒక చిన్న ఊళ్లో ఆశ్రమ పాఠశాల టీచరు. నేను మైదానం పిల్లని. పెళ్లయ్యాక సైన్సు డిగ్రీ పట్టాతో సహా ఈ కొండలెక్కాను. పట్టా బీరువాలో చీరల కింద ఉంది, నేను పాప వెనకాల ఉన్నాను. ఆయన పొద్దున బడికి వెళితే నాకు దిక్కు పక్కింటి వదినే. ఆమెది ఈ ఊరే. కాఫీ మొక్కలూ, చోడి చేనూ, మా పాప ఈడు కొడుకూ, కొడుకు కంటే ఎక్కువ మాట్లాడే అత్తా ఉన్నారు. గోడ సంగతి చెప్పగానే వదిన, "ఫోను సూసి ఏడుత్తావేటి మేస్టారమ్మా? పెద్దాసుపత్రికి పోదాం పద. మా గుంటడిని కూడా సూపించాల" అంది.

పెద్దాసుపత్రి అంటే డాక్టర్ల చదువు చెప్పే ఆసుపత్రి. అక్కడ ఒక బిడ్డ దగ్గితే తెల్లకోట్ల గుంపంతా చుట్టూ చేరి చెవులు రిక్కిస్తుంది. మా పాప కనురెప్ప కిందికి లాగి ఎంతమంది చూశారో, ఆఖరికి ఎవరు దగ్గరికొచ్చినా తనే కళ్లు పెద్దవి చేసి చూపించడం నేర్చుకుంది. వేలి మీద గుచ్చి, చుక్క రక్తం తీసి, అగ్గిపెట్టెకు పెద్దన్నలాంటి మిషన్లో పెట్టారు. రక్తం తక్కువే. వదిన కొడుక్కీ తక్కువే.

అక్కడ ఒక పీజీ డాక్టరున్నాడు. గోదావరి వైపు కుర్రాడు. డాక్టరయ్యాక కూడా ఇంకా పరీక్షలు రాస్తున్నాడు పాపం. పెద్ద చదువుకి ఒక పరిశోధన చేసి చూపించాలట, అందుకు మా కొండల పిల్లల రక్తం పనికొచ్చింది. రక్తం మరీ తక్కువున్న వాళ్లను వార్డులో చేర్చుకుంటారు; మా వాళ్లలా కాస్త తక్కువున్న వాళ్లకు ఇనుము కలిపిన చోడిపిండి, అదే మా మైదానంలో రాగిపిండి, పొట్లాలిచ్చి, కొన్నాళ్లయ్యాక మళ్లీ వేలు గుచ్చి చూస్తారు. అతను మామూలుగా బాగానే మాట్లాడతాడు కానీ, మా ఒప్పుదల తీసుకోవడానికి కాగితం చేతిలోకి తీసుకోగానే గొంతు మారిపోయింది.

"ఈ పరిశోధనయందు పాల్గొనుట పూర్తిగా మీ ఐచ్ఛికము. మీరు ఎప్పుడైననూ కారణము తెలుపకయే వైదొలగవచ్చును."

"ఏటంటన్నాడు?" అంది వదిన.

"ఇష్టముంటేనే చేరమంటున్నాడు."

"ఇష్టం లేకపోతే ఇంత దూరం ఎందుకొత్తాం? బేగి రాయించు, జీపెల్లిపోతాది."

పొట్లాలు రెండు రకాలు. కొన్నిటి మీద పసుపు చీటీ, కొన్నిటి మీద నీలం చీటీ. మా పాపకు నీలం వచ్చింది, వదిన కొడుక్కి పసుపు. రెండిట్లోనూ చోడిపిండే, రెండిట్లోనూ ఇనుముంది, ఒకదాంట్లో మామూలుగా, ఇంకోదాంట్లో ఎక్కువగా అన్నాడు పీజీ బాబు.

"ఏది ఎక్కువ?" అన్నాను వెంటనే.

"మీకు తెలియకూడదండీ. నాకూ తెలియదు."

"మరెవరికి తెలుసు బాబూ?" అంది వదిన.

"హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్లో ఉంటుందమ్మా."

"ఆ కంప్యూటరుకి పిల్లలున్నారేటి?"

పీజీ బాబు నవ్వాడు. తరవాత నా వైపు తిరిగి, ఆఖరి పరీక్షలో రక్తం పది దాటితే ఇంక బెంగ లేదనీ, దాటకపోతే మాత్రం పాపను విశాఖ పంపి కారణం వెతకాల్సి ఉంటుందనీ చెప్పాడు. వెతకడమంటే ఏమిటని అడిగాను. "చాలా పరీక్షలుంటాయండీ. అవసరమైతే ఎముకలో మజ్జ కూడా తీసి చూస్తారు" అన్నాడు, పెరట్లో కరివేపాకు తెంపుకొస్తానన్నంత తేలిగ్గా. నాకు ఆ తరవాత అతను చెప్పిందేదీ వినపడలేదు. మా పాప ఎముక నా బొటనవేలంత లేదు. దాంట్లోకి సూదా?

ఇంటికొచ్చాక పిండి జావ కాచి పట్టడం మొదలుపెట్టాను. పట్టినప్పుడు బాగానే తాగేది. కానీ గోడ మానలేదు. వదిన కొడుకు మాత్రం వారం తిరక్కుండానే మా గడప దాటి, మా బియ్యం డబ్బా దాకా వచ్చి దాన్ని దొర్లించే స్థితికొచ్చాడు. నేను ఆ డబ్బా వంకా, నీలం చీటీ వంకా మార్చి మార్చి చూసేదాన్ని.

మళ్లీ పొట్లాలు తెచ్చుకోవడానికి వెళ్లి వస్తుండగా గుట్టు బయటపడింది. షేరు జీపు. లోపల మనుషులు, పైన మనుషులు, వెనక వేలాడే మనుషులు, అందరి మధ్యా ఒక కోడి. ఘాట్ రోడ్డు మలుపుల్లో వదిన కొడుకు ఒక్కసారి బిగుసుకున్నాడు, ఆ తరవాత వాసన వచ్చింది. వదిన లంగోటా విప్పింది. నేను చూసి కెవ్వుమన్నాను. రోడ్డుకి పోసే తారంత నలుపు.

"రక్తం! లోపల ఎక్కడో రక్తం పోతోంది! జీపాపండి!"

నల్లగా వెళితే కడుపులో రక్తస్రావం కావచ్చని నేను ఫోనులో చదివి ఉన్నాను. చదవనిదేముంది? జీపాగింది. పైనున్న వాళ్లు కూడా దిగి వచ్చి చూశారు. డ్రైవరు తల లోపలికి పెట్టి, "సీటు మీద అయిందా, కింద అయిందా? అది సెప్పండి ముందు" అన్నాడు.

"నీ సీటు మీద బంగారం పూసున్నాది మరి!" అని వదిన కసిరింది. కొడుకు మాత్రం హాయిగా నవ్వుతున్నాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. అటువైపు కూర్చున్న ఒకామె, ఆమె బిడ్డా ఇదే పరిశోధనలో ఉన్నాడు, "మావోడికీ ఇలాగే ఎల్తాది. పసుపు పొట్లం" అంది. అప్పుడు మళ్లీ ఫోను తీశాను. ఈసారి కాస్త పైనే ఆగాను. ఇనుము ఎక్కువ తింటే నల్లగా వెళుతుందట. రోగం కాదు.

జీపు కదిలింది. వదిన నా వైపు చూసింది. "మీ గుంటకి?"

"పచ్చగా," అన్నాను.

హైదరాబాద్ కంప్యూటరు దాచిన రహస్యం అలా మా జీపులో బయటపడింది. ఊరికెళ్లాక కూడా నాకు నమ్మకం కుదరక, పొట్లాలు తీసుకునే ఇళ్లన్నీ తిరిగి పిల్లల ముడ్లు చూశాను. సైన్సు చదివినందుకు మొదటిసారి ఉపయోగపడ్డాను. పసుపు పిల్లలందరికీ నలుపు, నీలం పిల్లలందరికీ పచ్చ. ఒక్క తేడా లేదు. మా పాపకు అందేది తక్కువ రకమే. అదయ్యాక ఇంటికొచ్చి, గోడ దగ్గరున్న పాపను ఎత్తుకుని బాగా ఏడ్చాను.

వదిన అది తన అత్తకు చెప్పింది. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటుంది. పెద్దమ్మ పొగచుట్ట నోట్లోంచి తీసి మా గుమ్మంలోనే కూర్చుంది.

"ఒకే ఊరి పిల్లలకి రెండు రకాల పిండేటి?"

"పోల్చి చూడ్డానికి పెద్దమ్మా. ఒకటే రకం ఇస్తే ఏది మంచిదో తెలీదు కదా."

"పోల్సడానికి నీ గుంటే దొరికిందేటి?"

నేను పాప మూతికంటిన సున్నం తుడిచాను.

"ఇటుకల పండగకి అడివికెల్లి వేట కొడితే కొట్టినోడికీ కొట్టనోడికీ ఒకటే వాటా. ఇప్పుడు వేట లేదు, మేకనే కోత్తన్నాం. అయినా వాటా వాటాయే. పిండి కాడికొచ్చీసరికి ఒకరికెక్కువా, ఒకరికి తక్కువా? పిల్లలేటనుకుంటారు?" అంది. పిల్లలేమీ అనుకోవడం లేదు, గోడలు నాకుతున్నారు. కానీ పెద్దమ్మ అప్పటికే లేచి వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దమ్మ ముంగిట్లో టార్పాలిన్ పరిచారు. తల్లులందరూ పొట్లాలు తెచ్చారు. పసుపూ నీలమూ అన్నీ చింపి, కాఫీ పళ్లు కడిగే పెద్ద బేసిన్లో గుమ్మరించి, పెద్దమ్మ చేతులు మోచేతుల దాకా దింపి కలిపింది. వేటమాంసం వాటాలు పెట్టినట్టే అడ్డాకులు వరసగా పరిచారు. "ఇదిగో మేస్టారమ్మ సదూకుంది, సమంగా కొలుత్తాది" అని గిద్ద నా చేతికిచ్చారు. నేను కొలిచాను. ఆకులు పొట్లాలొచ్చే పిల్లలకంటే ఎక్కువున్నాయి. ఎందుకంటే, పరిశోధనలో లేని పిల్లలకు కూడా వాటా పెట్టారు.

"వాళ్లకి రక్తం బాగానే ఉందట కదా?" అన్నాను.

"ఉంటే? బాగున్నోడికి కూడేయవా ఏటి?" అంది పెద్దమ్మ.

అప్పట్నుంచీ పొట్లాలొచ్చినప్పుడల్లా ఇదే పండగ. కొన్నాళ్లకు ఊరి పిల్లలందరికీ ఒకటే రంగు, పచ్చా కాదు, నలుపూ కాదు, ఇంగువ ముద్దలాంటి రంగు. పీజీ బాబు ఒకసారి ఊళ్లోకి కూడా వచ్చాడు. తల్లులు ఖాళీ పొట్లాలు, పసుపువి పసుపుగా, నీలంవి నీలంగా మడత పెట్టి ఇచ్చారు. ఇంత శ్రద్ధగా వాడినవాళ్లు ఇంకెక్కడా లేరని అతను మురిసిపోయాడు. చింతపల్లి వైపు తల్లులైతే సగం పొట్లాలు మేకలకు పెట్టేస్తున్నారట. "మీ ఊరు మాకు ఆదర్శమండీ" అన్నాడు. పెద్దమ్మ అతనికి పనసపండు కోసి పెట్టింది.

నాకు మాత్రం ఆఖరి పరీక్ష బెంగే. వాటా అంటే సగమే కదా. సగం ఇనుముతో పది దాటుతుందా? నీలం తల్లిగా నాకు వాటా లాభమే, కానీ పసుపు మొత్తం దొరికుంటే అన్న దురాశ లేకపోలేదు. ఆ మాట వదినతో అంటే, "మా గుంటడి పిండి నీ గుంటకెల్లింది, అది సాలదేటి నీకు?" అని నెత్తిన ఒక్కటిచ్చింది. నిజమే. వాడి పొట్లంలోంచి తగ్గిందే మా ఇంటికొచ్చింది, ఆమె ఒక్కసారి కూడా లెక్క అడగలేదు.

పరీక్ష రోజు పాప మిషను చూడగానే కళ్లు పెద్దవి చేసి చూపించింది. వేలు గుచ్చారు. నేను మిషను వైపు చూడలేక, గోడ మీద తల్లిపాల పోస్టరులో నవ్వుతున్న తల్లిని చూస్తూ నిలబడ్డాను. ఏ తల్లీ అలా నవ్వగా నేను చూడలేదు.

"పది పాయింట్ నాలుగు," అన్నాడు పీజీ బాబు.

"అంటే?"

"అంటే విశాఖ అక్కర్లేదండీ. ఇంక ఇంట్లోనే సిరప్ వాడుకోవచ్చు."

వదిన నా భుజం పట్టుకుంది. సంతోషపడాల్సిన పీజీ బాబే దిగులుగా ఉన్నాడు. వదిన ఊరుకోదు కదా, ఏటయిందని అడిగింది.

"పసుపూ నీలమూ ఒకేలా పెరుగుతున్నాయమ్మా. మిగతా ఊళ్లలో తేడా కనిపిస్తోంది, మీ ఊళ్లో మాత్రం అసలు లేదు. మా పెద్ద మేడం నన్ను చంపేస్తున్నారు."

"కలిపేత్తే తేడా ఎలాగుంటాది బాబూ?" అంది వదిన, ఉప్పు వేస్తే ఉప్పగా ఉంటుందన్నట్టు.

"ఏం కలిపారు?"

"పొట్లాలు. పెద్దమ్మ బేసిన్లో కలిపేసినాది."

పీజీ బాబు కుర్చీలో కూర్చున్నాడు. "ఎంతమంది?" అన్నాడు.

"ఊరంతా."

అతను నా వైపు తిరిగాడు. "మీరు చదువుకున్నారు కదండీ. మీరైనా వద్దని చెప్పలేదా?"

"కొలిచింది నేనేనండీ," అన్నాను. ఇంకేం చెప్పను? సమంగానే కొలిచానని కూడా అన్నాను.

సరిగ్గా అప్పుడే పెద్ద మేడం వచ్చింది. పీజీ బాబు నీరసంగా సంగతి చెప్పాడు. ఆమె మా మీద అరుస్తుందని చంకలో పాపను గట్టిగా పట్టుకున్నాను. ఆమె అరిచింది, కానీ అతని మీద. "పక్కపక్క ఇళ్లలో రెండు రంగులిచ్చి, కలవకుండా ఉంటాయనుకున్నావా? ఊరికో రంగు ఇవ్వాలని మొదట్లోనే చెప్పానా లేదా?" చుట్టూ తెల్లకోట్ల గుంపు ఆ మాటలు రాసుకుంటోంది. బయటికొచ్చాక పీజీ బాబును అడిగాను, పాపకు అసలు ఏది పనిచేసిందని.

"తెలియకుండా చేసింది మీరే కదండీ," అన్నాడు. కానీ పాప బుగ్గ గిల్లి మరీ అన్నాడు.

ఇప్పుడు అతను పరిశోధన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఊరికో రంగు. మా ఊరికి ఆకుపచ్చ, గెడ్డ నీళ్లు దాటితే వచ్చే అవతలి ఊరికి ఎరుపు. పాప సిరప్ మీదుంది కాబట్టి ఇందులో లేదు, నేను ఊరికే చూస్తున్నాను. మొదటి రోజే పెద్దమ్మ గుమ్మంలోకొచ్చి, "అవతలూరోళ్లకి ఎరుపంట కదా, అది మంచిదా, మనది మంచిదా?" అని అడిగింది. అవతలి ఊరు ఆమె పుట్టిల్లు. బేసిన్ ఎక్కడుందో నేను అడగలేదు.

ఓనరు మా వంటింటి గోడకు కొత్తగా సున్నం వేయించాడు. పాప దాని పక్కనుంచే తూలుతూ నడుచుకుంటూ వెళుతుంది, దానివైపు చూడనైనా చూడదు. ఇప్పుడు నిద్రపోయింది కాబట్టి ఇదంతా రాస్తున్నాను. ఓనరు మొన్నొచ్చి గోడ చూసి, "బాగయిందా గుంట?" అని అడిగాడు. అయిందన్నాను. అయినా రోజుకొకసారి, ఎవరూ చూడనప్పుడు, పాప అందుకునే ఎత్తులో ఆ గోడను అరచేత్తో తడిమి చూస్తాను, ఎక్కడైనా తడి తగులుతుందేమోనని.