రెండు కార్డులు, ఒకే నంబరు

తీరిక దొరికితే నేను చేసే పనేమిటో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. అడిగినవాళ్ళకి మా ఆవిడ "కంప్యూటర్లో ఏదో కెలుక్కుంటారు" అని చెబుతుంది. అది చాలావరకు నిజమే. కంప్యూటర్‌కి నెట్ అందించే కార్డు ఒకటుంటుంది. ఆ కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య మాటలు నడిపే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. నా దగ్గరున్న చవక కార్డుకి దాని కంపెనీ విండోస్ డ్రైవర్ ఒక్కటే ఇచ్చింది. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వాడే నాలాంటివాళ్ళని పట్టించుకోలేదు. లినక్స్ డ్రైవర్ నేనే రాద్దామని కూర్చున్నాను.

కార్డుకి ఏ అంకె పంపితే ఏం చేస్తుందో చెప్పే కాగితాలు ఇమ్మని కంపెనీకి రాశాను. "మీ దగ్గరలోని డీలర్‌ని సంప్రదించండి" అని జవాబొచ్చింది. డీలర్ దగ్గరికి వెళితే, "కార్డు పోతే మార్చి ఇచ్చేత్తాం సార్. కాగితాలేటి సార్?" అన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి. కార్డుని విండోస్ మెషీన్‌లో పెట్టి, వాళ్ళ డ్రైవర్ దానికి పంపే అంకెలన్నీ పొంచి విన్నాను. అవే అంకెలు అదే వరసలో నా ప్రోగ్రాములో రాసుకున్నాను. చాలావాటికి అర్థం తెలీదు. పక్కన "ఇదెందుకో తెలీదు, తీసేస్తే పనిచెయ్యదు" అని రాసి ముందుకెళ్ళాను.

నెట్ వచ్చిన రోజు సీతమ్మధారలో మా వీధంతా లడ్డూలు పంచాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను కాబట్టి పంచలేదు. డ్రైవర్ని మాత్రం ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టాను. ఎక్కడెక్కడివాళ్ళో వాడారు, మెచ్చుకున్నారు. నా కాళ్ళు నేల మీద ఆనడం మానేశాయి.

ఆ ఊపులోనే మా బావని ఇరికించాను.

బావ, అంటే మా అక్క భర్త, ఫిషింగ్ హార్బర్‌లో ఒక ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఐసు పిండిచేసే క్రషర్ దగ్గర దిమ్మలు లాగీ లాగీ ఆయన నడుం పాడైంది. ఓనరు దయతలచి గేటు రూములో కూర్చోబెట్టాడు. అక్కడ ఏ బోటుకి ఎన్ని దిమ్మలో చీటీ రాసిస్తే, బోటువాళ్ళు దాన్ని క్రషర్ దాకా పట్టుకెళ్ళాలి. దారిలో చీటీ తడిసిపోయేది, అంకె చెరిగిపోయేది, తగువు మొదలయ్యేది. గేటులో ఒక కంప్యూటరు, క్రషర్ దగ్గర ఒకటి పెడితే చీటీ దానంతటదే వెళుతుందని బావ ఓనరుకి చెప్పాడు. లినక్స్‌తో నడిచే పాత కంప్యూటర్లు రెండు ఉన్నాయి గానీ, వాటి నెట్ సాకెట్లు ఉప్పుగాలికి తుప్పుపట్టాయి.

"ఈ కార్డులు కొను బావా. డ్రైవర్ నాదే," అన్నాను.

ఓనరు గోదావరి జిల్లా మనిషి. "నీ మాట మీద పెట్టిస్తున్నానయ్యా. నడిస్తే గేటు రూము నీది. నడవలేదనుకో, మళ్ళీ క్రషరే," అన్నాడట.

పెట్టిన మర్నాడే బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, గేటుది వత్తే క్రషర్‌ది పోతంది. క్రషర్‌ది వత్తే గేటుది పోతంది. తోడికోడళ్ళలాగ రెండూ ఒకింట్లో ఉండనంటన్నాయి."

"వైరు మార్చి చూడు బావా."

మార్చాడు. మళ్ళీ ఫోను. "మార్సీసినాను. అదే గోల."

"ఐసు ఫ్యాక్టరీ కదా, తేమ పట్టుంటుంది. ప్లాస్టిక్ కవరు చుట్టు."

చుట్టాడు. "బోటోళ్ళు నవ్వుతన్నార్రా. పెళ్ళికూతురికి ముసుగేసినావేటని అడుగుతన్నారు. ఒకపాలి నువ్వొచ్చి సూడొచ్చు కదేటి?"

"మా ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేస్తోంది బావా," అన్నాను. సీతమ్మధార నుంచి హార్బర్ ఎంత దూరమని? వెళ్ళలేదు. నా డ్రైవర్లో తప్పుంటుందన్న ఆలోచనే రాలేదు.

చివరికి అక్క ఫోన్ చేసింది. "మీ బావ రేపట్నుంచి మళ్ళీ దిమ్మలు లాగడానికెళ్తన్నాడు. నువ్వు ఫోన్లో సలహాలు సెప్పుకుంటా కూకో," అని పెట్టేసింది.

మర్నాడు తెల్లారకముందే వెళ్ళాను. ఐసు కోసం బోట్లు వరసకట్టి ఉన్నాయి. ఓనరు గేటు రూము ముందే నిలబడి ఉన్నాడు. బావ కుర్చీ నాకు వదిలి పక్కన నిలబడ్డాడు గానీ, నా మొహం చూడలేదు.

ప్రతి కార్డుకీ ఫ్యాక్టరీలోనే ఒక నంబరు వేస్తారు. ఇంటికి డోర్ నంబరులాంటిది. ఒకరిది ఇంకొకరికి ఉండకూడదు. గేటు కంప్యూటర్లో ఆ నంబరు చూశాను. క్రషర్ దగ్గరికి నడిచి అక్కడా చూశాను. రెండూ ఒకటే. పైగా అది నాకు కంఠతా వచ్చిన నంబరు. మా ఇంట్లో ఉన్న కార్డుది.

పెళ్ళిపీటల మీద పంతులుగారు మచ్చుకి తన గోత్రం చెప్పి చూపిస్తే, పెళ్ళికొడుకు అదే గోత్రం చెప్పేసినట్టయింది నా పని. పొంచి విన్న అంకెల్లో నా కార్డు నంబరు కూడా ఉంది. అర్థం తెలీక దాన్నీ రాసేశాను. నా డ్రైవర్ వాడే ప్రతి కార్డూ తాను నా కార్డేనని లోకానికి చెప్పుకుంటోంది. ఒక్కటే ఉన్నచోట గొడవ లేదు. రెండు కలిసినచోట, వచ్చిన సమాచారం ఎవరింటికి చేరాలో తెలీదు. నా దగ్గర ఉన్నది ఒకటే కార్డు. రెండోది కొని చూడాలని ఏనాడూ తోచలేదు.

కొన్ని నెలల క్రితం ఎవరో విదేశీయుడు ఇంటర్నెట్‌లో నాకు సరిగ్గా ఇదే రాశాడు, మీ డ్రైవర్‌తో రెండు కార్డులు కలిసి నడవడం లేదని. ముందు మీ వైర్లు చూసుకోండని వెటకారంగా జవాబిచ్చి, అతని ఫిర్యాదు మూసేశాను.

"దొరికిందాండీ?" అన్నాడు ఓనరు, నేను గేటు రూముకి తిరిగి రాగానే.

"దొరికిందండీ. ఈ కార్డు కంపెనీవాళ్ళు కాగితాలేవీ ఇవ్వరండీ, అందుకని..."

ఆయన బావ వైపు తిరిగాడు. "చూశావా? కాగితాల్లేని కార్డు ఎవడు కొనమన్నాడయ్యా నిన్ను?"

కొనమన్నది నేనేనని బావ ఒక్క మాటంటే సరిపోయేది. అనలేదు.

"కొనమన్నది నేనండీ," అన్నాను. "తప్పు కార్డుది కాదు, ఆయనది అసలే కాదు. నేను రాసిన ప్రోగ్రాములో ఉంది. ఆయన చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు."

"మరి నిన్నటిదాకా తేమన్నారంట?"

"అది కూడా నేనేనండీ."

బోటువాడొకడు కిసుక్కుమన్నాడు. అక్కడే కూర్చుని ప్రోగ్రాములో నా నంబరు పంపే లైన్లు తీసేశాను. కార్డుని దాని నంబరు దాన్నే చెప్పనిచ్చాను. దిద్దినదాన్ని రెండు కంప్యూటర్లలోనూ ఎక్కిస్తే, రెండింటికీ ఒకేసారి నెట్ వచ్చింది. దిద్దిన డ్రైవర్ని ఇంటర్నెట్‌లో పెట్టేటప్పుడు, తప్పు ఎవరు చూపించారో వాళ్ళ పేరు రాయడం మాలో ఆనవాయితీ. ఆ విదేశీయుడి పేరు రాసి, కింద క్షమాపణ చెప్పుకున్నాను. దాని కింద బావ పేరు రాశాను.

"నా పేరెందుకురా? కేసేటన్నా అవుద్దేటి?" అన్నాడు బావ. ఆ ఉదయం నాతో అన్న మొదటి మాట అది.

ఓనరు అంత తేలిగ్గా వదల్లేదు. "ఈ వారం తమరు కూడా పొద్దున్నే వచ్చి కూర్చోండి. మళ్ళీ ఆగిందంటే దిమ్మలు తమరే లాగుదురు గాని."

నెట్ ఆగలేదు. కానీ వారం తిరక్కముందే ఒక పొద్దున్న క్రషర్ దగ్గర మనిషి రాలేదు. ఓనరు ముందు బావ వైపు చూశాడు. బావ కుర్చీలోంచి లేవబోయాడు. నేను చొక్కా చేతులు మడుచుకుని క్రషర్ దగ్గరికి నడిచాను. కొక్కెం తగిలించి మొదటి దిమ్మని లాగితే అది కదల్లేదు, నేనే దాని వైపు జారాను.

గేటు రూము కిటికీలోంచి బావ అరిచాడు. "నడుం కాదురా బామ్మర్దీ, మోకాళ్ళొంచు."

వంచాను. దిమ్మ కదిలింది. పక్కన కంప్యూటర్ తెర మీద తర్వాతి బోటు చీటీ వచ్చి పడింది.