ముక్కు విరిగిన నియాన్ చిలక

పాతికేళ్ళ వయసులో ఏదో ఒక పిచ్చి పట్టకపోతే ఆ వయసంతా వృథా అనుకునేవాణ్ణి ఆ రోజుల్లో. నా సాటివాళ్ళకు పట్టిన పిచ్చిలన్నీ నలుగురికీ చెప్పుకోదగ్గవే. ఒకడికి క్రికెట్టు, ఇంకొకడికి మోటారు సైకిలు, మరొకడికి ఎదురింటి మేడ. నాకు మాత్రం కొట్ల మీద వెలగడం మానేసిన పాత నియాన్ బోర్డుల మీదకి మనసు పోయింది. కొట్టువాళ్ళందరూ ఫ్లెక్సీలకు మారిపోతున్న కాలం అది. గాజు గొట్టాల అక్షరాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే, నేను తలెత్తి వాటినే చూస్తూ గుంటూరు రోడ్ల మీద నడిచి రెండుసార్లు మురుగు కాలవలో కాలు పెట్టాను. (రెండోసారి కొత్త చెప్పులతో.)

అప్పుడు నేనొక ఇంటరు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఉండేది అక్కా బావల ఇంట్లో, మిర్చి యార్డుకు వెళ్ళే దారిలో. గాజు గొట్టంలో వాయువును కరెంటుతో వెలిగించే విద్యుత్ ఉత్సర్గ నాళం గురించి బొమ్మ గీసి గంటసేపు తడుముకోకుండా చెప్పగలిగేవాణ్ణి కాబట్టి, నియాన్ బోర్డు బాగుచేయడం నాకో లెక్కా అనుకున్నాను. ఆ ధైర్యంతోనే ఒకసారి నరసరావుపేటలో, పత్తి విత్తనాల కొట్టు మీంచి దించుతున్న చిలక బోర్డును అడిగి తెచ్చుకున్నాను. మనిషెత్తు చిలక. ఒళ్ళంతా ఆకుపచ్చ. ముక్కూ, మెడ చుట్టూ తిరిగే పట్టీ మాత్రం ఎరుపు, రెండూ కలిపి ఒకటే గొట్టం. కొట్టాయన దాన్నేం చేసుకుంటావయ్యా అని రెండుసార్లు అడిగాడు గానీ, నా జవాబు విన్నాక మూడోసారి అడగలేదు. ట్రాలీ ఆటోలో గోతాల మధ్య కూర్చుని, చిలకను ఒళ్ళో పడుకోబెట్టుకుని, అన్ని గోతుల రోడ్డు మీదా ఒక్క పగులు లేకుండా గుంటూరు చేర్చాను. చేర్చి, మా ఇంటి గేటుకే తగిలించి ఆ ఎర్ర గొట్టాన్ని మూడు ముక్కలు చేశాను.

బావ కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. మాటలు పొదుపు. చిలకనూ నన్నూ ఒకసారి చూసి, "దానికి ముక్కు లేదు, నీకు బుర్ర లేదు" అని భోజనానికి కూర్చున్నాడు. అక్కకు మాత్రం చాలా మాటలుండేవి. నేను బోర్డును డాబా మీద పెట్టాను, డాబా నిండా ఆవిడ ఏడాది కారానికి ఆరబోసిన మిరపకాయలున్నాయి. చివరికి సుద్దముక్కతో డాబాకు అడ్డంగా గీత గీసి, ఇటు చిలక, అటు మిరపకాయలు అని ఒప్పందానికొచ్చాం. (మర్నాటి నుంచి ఆ గీత నా వైపుకు రోజుకో జానెడు జరిగేది. ఎలాగని అడిగితే గాలికి అనేది.)

ఇక గాజు వంచే మనిషి కోసం వెతుకులాట. బోర్డులు చేసే ప్రతి దుకాణంలోనూ ఒకటే సలహా: ఫ్లెక్సీ వేయించుకోండి సార్, పొద్దున చెబితే సాయంత్రానికి చిలకేం ఖర్మ, నెమలినే ఇస్తాం. చివరికి పాత గుంటూరులో ఒక పెద్దాయన దొరికాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ఊదుడు బాబాయి అనేవాళ్ళు. దుకాణం ఎత్తేసి, పనిముట్లు మంచం కింద పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి చేస్తాను, రేపొస్తాను అన్నాడు. ఆ రేపు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. వచ్చీ రాగానే చిలక చుట్టూ తిరిగి, ఇది తన చెయ్యి కాదనీ, ఎవరో తొందర మనిషి చేశాడనీ, మెడ కొంగ మెడలా ఉందనీ, కొత్తగా గీస్తాననీ కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టుగా ఉంచడమే నాకు కావలసిందని ఆయనకు నచ్చజెప్పేసరికి, ఆ పూట నేను కాలేజీలో చెప్పాల్సిన రెండు క్లాసులూ అయిపోయాయి.

పని మొదలైంది. గొట్టాన్ని గ్యాసు మంట మీద తిప్పుతూ కాల్చాలి. మెత్తబడగానే గీసిన బొమ్మ మీద పెట్టి వంచాలి. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోకుండా, నోట్లో పెట్టుకున్న రబ్బరు పైపుతో సన్నగా ఊదుతూ ఉండాలి. ఆ ఊదడంలోనే ఉంది విద్యంతా. సరిగ్గా ముక్కు కొస దగ్గరికొచ్చేసరికి గీతకు అవతల అక్క మిరపకాయలు తిరగేసింది. బాబాయికి తుమ్మొచ్చింది. పైపు నోట్లోనే ఉంది. చిలక ముక్కు వంకాయంత ఉబ్బి, టప్పుమని పగిలింది. రెండో గొట్టం నాశనమవడం నా చలవే. బాగా కనబడుతుందని ఆయన భుజం మీదకి వంగి చూస్తూ, ఈసారి నేను తుమ్మి, ఆయన మోచేతిని గుద్దాను. మెడ పట్టీ కాస్తా జిలేబీ అయింది.

బాబాయి మంట ఆర్పేశాడు. కోప్పడి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నాడు: "మేష్టారూ, ఈ రకం గొట్టం ఇప్పుడెక్కడా దొరకట్లేదు. నా దగ్గర ఇంకొక్కటే ఉంది." తర్వాత నాతో కాకుండా అక్కతో చెప్పాడు. ఆదివారం పొద్దున్నే వస్తాడట. సోమవారం నుంచి ఒంగోల్లో కూతురి దగ్గర ఉండిపోతాడట. ఆ పూటకు డాబా మీద మిరపకాయలూ ఉండకూడదు, మేష్టారూ ఉండకూడదు.

నేను వెళ్ళిపోవడం తేలికే. కాయలకు ఇంకా నాలుగైదు రోజుల ఎండ కావాలి. పచ్చి ఆరకుండా కుప్ప పోస్తే రంగు పోయి తాలు కాయలవుతాయి. వాటిని తీసెయ్యమని అక్కను అడగడానికి నాకు నోరు రాలేదు. రెండు రోజులు ఆవిడ కళ్ళలోకి చూడకుండా అన్నం తిన్నాను. ఆదివారం తెల్లారి పైకి వెళ్తే డాబా ఖాళీగా ఉంది. ఊడ్చి, దుమ్ము లేవకుండా నీళ్ళు కూడా చల్లేసింది. మిరపకాయలన్నీ కింద వసారాలో పట్టా కప్పుకుని ఉన్నాయి.

"చూస్తావేంటి," అంది అక్క. "ఏడాదంతా తాలు కారం తిందువుగాని."

బాబాయి పైకి వెళ్ళాడు. అక్క మెట్ల మీద పై మెట్టున కాపలా కూర్చుంది. వసారాలో మిరపకాయల కుప్ప పక్కన నేనూ బావా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరం తుమ్ముతూ ఉన్నాం. ఏ విద్య చూడాలని ఇన్ని తిప్పలు పడ్డానో, అది నా నెత్తి మీద పది అడుగుల ఎత్తులో జరుగుతుంటే, గొట్టం పగిలిన చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులప్పగించి కూర్చున్నాను. వినిపించలేదు. గంటన్నర తర్వాత బాబాయి చేతిలో చిలక ముక్కు కిందికి దిగింది. పట్టీ తిరిగిన తీరు పాతదానికన్నా ఎంతో అందంగా ఉంది. (పట్టీ వంపు ఆయన ఇష్టప్రకారమే మార్చాడు. నేను కిక్కురుమనలేదు.)

గ్యాసు నింపే దుకాణానికి ఆయన రాసిచ్చిన చీటీ పట్టుకుని విజయవాడ వెళ్ళి, గొట్టంలో గాలి తీయించి నియాన్ నింపించుకొచ్చాను. మర్నాడు సాయంత్రం ఏడింటికి డాబా మీద స్విచ్చి వేశాను. చిలక ఒక్కసారి వణికి వెలిగింది. పచ్చటి ఒళ్ళు, నిప్పులాంటి ముక్కు. చప్పట్లు కొట్టబోయేంతలో కింద నుంచి అక్క కేక, పక్కింట్లోంచి ఇంకో కేక. ఏడింటి సీరియల్లో కథానాయిక మొహం నిండా గీతలట. చిలకను వెలిగించే ట్రాన్స్‌ఫార్మరు వీధిలోని టీవీలన్నిటినీ బుర్రుమనిపించింది. ఐదు నిమిషాల్లో గేటు దగ్గర పదిమంది చేరారు. ఉత్సర్గ నాళం గురించి నేను వాళ్ళకు చెప్పబోయాను. బావ నన్ను వెనక్కి లాగి, మూడు ముక్కల్లో తీర్పు చెప్పాడు. యాడ్స్ వచ్చినప్పుడే వెలిగించాలి.

అలా ఆ వేసవంతా నేను చీకటి డాబా మీద స్విచ్చి పట్టుకుని నిలబడేవాణ్ణి. కింద నుంచి అక్క, "ఒరేయ్, యాడ్స్ వచ్చినయ్, వేసుకో" అనేది. మూడు నిమిషాలు చిలక వెలిగేది. మళ్ళీ "ఆపు, మొదలైంది" అనేది. ఇంట్లో కూరలన్నీ ఆ ఏడు వెలిసిపోయిన రంగులో ఉండేవి. అవే కలుపుకుని తినేవాళ్ళం.

ఇప్పుడు మంగళగిరి దగ్గర నా షెడ్డులో తొమ్మిది బోర్డులున్నాయి. నలభై దాటాక గాజు ఊదడం కూడా నేర్చుకున్నాను, ఓ మోస్తరుగా. ఆ మెడ పట్టీ వంపు మాత్రం ఎన్ని గొట్టాలు తగలేసినా నాకు రాలేదు. బాబాయి పోయి చాలా కాలమైంది. మొన్న అక్క వచ్చినప్పుడు, ఆ పని కళ్ళారా చూసింది నువ్వొక్కదానివే, ఆయన పట్టీ దగ్గర ఎలా తిప్పాడో చెప్పమని కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.

అక్క నా మొహం చూసి, ఆ కాగితం తీసి పక్కన పెట్టింది.

"నేనెక్కడ చూశాన్రా," అంది. "నువ్వు మళ్ళీ పైకొచ్చి తుమ్ముతావేమోనని మెట్ల వైపే చూస్తా కూర్చున్నా."