నేను అరగదీసిన దవడ

జగిత్యాలలో నేను జంతుశాస్త్రం చెప్పే కాలేజీ ల్యాబులో, అద్దాల పెట్టెలో ఒక పుర్రె ఉంది. ఎప్పుడో అంతరించిన సరీసృపానిది. సగం రాయి, సగం నేను పోసిన ప్లాస్టర్.

దాన్ని తెచ్చింది కోరుట్ల మేకల వ్యాపారి. మేకలు కొనడానికి గోదావరి దిగువకు పోయినప్పుడు ఎర్రమట్టి వాగులో ముక్కలుగా దొరికిందట. తువ్వాల మూట నా బల్ల మీద విప్పి, "గిది ఏం తిని బతికిందో జర చెప్పు సార్. గంతే," అన్నాడు.

ముక్కలు అతికించడానికి నెలలు పట్టింది. పై దవడ కుదిరాక ఆయన మళ్లీ వచ్చాడు. మేక మూతి తెరిచి పళ్లు చూసి వయసు చెప్పే మనిషి. బొటనవేలు ఆ రాతి పళ్ల మీద నడిపించాడు.

"అరిగినయి సార్. మాంసం తింటే గిట్ల సాపుగ అరగయి. గడ్డలు, చెట్ల ఏర్లు నమిలింది గిది."

"మేకల సంగతి నువ్వు చూసుకో, దీని సంగతి నేను చూస్త," అన్నాను. అటెండరు నవ్వాడు. ఆయనా నవ్వాడు.

మూతి ముందుకు పొడుచుకొచ్చిన రెండు ఎముకలను నేను కోరలనుకున్నాను. కోరలున్నది వేటాడక ఏం చేస్తుంది? పళ్ల మీది నునుపు అరుగుదల కాదు, పైన పేరుకున్న రాతిపొర అని అందరికీ చెప్పాను. నాకు మాత్రం అనుమానం ఉండింది. ఆయన మాటే నిజమైతే కాలేజీ ప్రదర్శనలో పెట్టడానికి నా వేటజంతువు మిగలదు. సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే ఒకాయన దగ్గర చిన్న గ్రైండరు అడిగి తెచ్చాను. ఒక ఆదివారం పొద్దున కూర్చుని, మధ్యాహ్నానికల్లా పళ్లన్నీ మొనదేల్చాను.

ప్రదర్శనకు మేకల వ్యాపారి ఉతికిన అంగీ తొడుక్కుని వచ్చాడు. పెట్టె తెరవమన్నాడు. మళ్లీ అదే వేలు.

"ముసలి మేక పండ్లకు ఆకురాయి పట్టి, లేతదని అమ్మెటోళ్లు ఉంటరు సార్ మా సంతల. దొరికితే నలుగుర్ల ఇజ్జత్ తీస్తం. దీన్ని ఎవలకు అమ్ముదామని?"

"సాఫ్ చేసిన," అన్నాను.

"అవ్. సాఫే అయింది."

రెండేళ్ల తర్వాత నగరంలోని ఒక మ్యూజియంలో అదే జాతి దవడ చూశాను. ఎవరూ చెయ్యి పెట్టనిది. పళ్లు సాపుగా అరిగి ఉన్నాయి. నేను కోరలనుకున్నవి నేల తవ్వుకునే ముక్కు కొనలు. ఆ జంతువు వేర్లు తవ్వుకు తిన్నది.

తిరిగొచ్చి పెట్టె మీది చీటీ మార్చాను. పళ్లను అరగదీసింది నేనేనని కూడా రాశాను. తర్వాత కోరుట్ల సంతకు పోయాను. ఆయన ఒక మేక దవడ పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం," అన్నాను.

"నాకెరుకే సార్," అన్నాడు తల ఎత్తకుండా. "మరి ఆ అరుగుడు నేను తెచ్చినదాని మీద చూపిస్తవా?"

ఆయన మేక పళ్లు లెక్కపెట్టడంలో పడ్డాడు.