ఓడకు కిటికీలు

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. ఆళ్లగడ్డలో ఉండి నంద్యాల, నంద్యాల అని కలవరించేదాన్ని. మా బడి నుంచి ఒకే ఒక్క బొమ్మను నంద్యాల పోటీకి పంపుతారని, గీసిన పిల్లను కూడా బస్సులో తీసుకుపోతారని తెలిసిన రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

పక్కింటి అక్క మా బడిలోనే టీచరు. వాళ్ళింట్లో యేసుప్రభువు పటం పక్కన ఒక పాత క్యాలెండరు బొమ్మ ఉండేది. వందల యేళ్ళ కిందటి డచ్చివాళ్ళ ఓడ, వాళ్ళ దేశపు చిత్రకారుడెవరో వేసింది. ముప్పాతిక వంతు మబ్బులే. కింద నల్లటి అలలు, గాలికి ఉబ్బిన తెరచాపలు. సముద్రం మొహం చూడని నేను వారం రోజులు ఆ గోడ ముందే పడి ఉండి దాన్ని చూసి నా కాగితం మీదికి దించాను. ఓడ పక్క గోడకు వరసగా చదరపు కిటికీలున్నాయి. లోపలి నలుపు చీకటి అనుకున్నాను. మనుషులు లేకపోతే ఏం బాగుంటుందని, బస్సు కిటికీల్లో లాగా ఒక్కోదాంట్లో ఒక్కో మొహం పెట్టి చేతులు ఊపించాను.

బొమ్మలు ఇవ్వాల్సిన రోజు పొద్దున అక్క చూసింది. నవ్వలేదు. క్యాలెండరును నా ఎత్తుకు దించి తగిలించి, నన్ను దానికి ఎదురుగా నిలబెట్టింది.

"ఆ కిటికీలు యాడికి చూస్తాండాయో చెప్పు పాపా."

ఒక్కో కిటికీలోంచి గుండ్రటి నల్లటి మూతి బయటికొచ్చి ఉంది.

"నా దిక్కే చూస్తాండాయక్కా."

"అవి ఫిరంగులు. నువ్వు నిలబడిండేది ఒడ్డు. మన బట్టలు, నీలిమందు కొననీకి వచ్చినోళ్ళకు అన్ని ఫిరంగులు ఏంటికో ఆలోచించు."

నాకు తెలియకుండానే పక్కకు జరిగాను. ఆ ఫిరంగులతోనే వాళ్ళు సముద్రాన్ని తమదనిపించుకున్నారని, ఆ గొప్పను ఇంటి గోడలకు తగిలించుకోడానికే ఇలాంటి బొమ్మలు వేయించుకున్నారని అక్క చెప్పింది. నా బొమ్మ మార్చమని మాత్రం అనలేదు. అదే నన్ను నిలవనీయలేదు.

మధ్యాహ్నం దాకా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను. చివరికి కుంచె తీసుకుని నవ్వుతున్న మొహాలన్నిటి మీదా నల్లరంగు పులిమాను. రంగు కారి ఓడంతా పాడైంది. ఇంకో పిల్ల గీసిన చిలక బొమ్మ నంద్యాలకు పోయింది. అక్కతో నెల రోజులు మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే ఆ చిలక మీద నాకింకా కోపమే. తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, మ్యూజియాల్లో అలాంటి ఓడల్ని చాలా చూశాను. మబ్బులు ఎంత బాగున్నాయో అంటారు పక్కనున్నవాళ్ళు. నిజంగానే బాగుంటాయి. కానీ ఎంత అందమైన బొమ్మకైనా నేను సూటిగా ఎదురు నిలబడలేను. ముందు ఒక అడుగు పక్కకు వేసి, అది ఎవరి మీదికి గురిపెట్టి ఉందో చూసుకుంటాను.